పియానోనే వృత్తిగా పెట్టుకుంటానంటున్న అమ్మాయి: తిరుపతి నుంచి అడిగిన తల్లికి నా జవాబు

అమ్మా, మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది. మీ అమ్మాయికి పదహారేళ్లు, మొన్ననే పదో తరగతి అయింది. ఎనిమిదేళ్లుగా పియానో నేర్చుకుంటోంది. బ్రిటన్ సంగీత పరీక్షల బోర్డు ఏబీఆర్‌ఎస్‌ఎం పెట్టే ఎనిమిది గ్రేడ్‌ల పరీక్షల్లో ఐదో గ్రేడ్ డిస్టింక్షన్‌లో పాసైంది. మీరు బైపీసీలో చేర్పిద్దామంటే వద్దంటోంది, పాశ్చాత్య శాస్త్రీయ పియానోనే తన జీవితం అంటోంది. "మా తిరుపతిలో ఉండి దీంతో బతకగలదా? కచేరీలు చేసే స్థాయికి వస్తుందా? ఒప్పుకోవాలా, వద్దా?" అని అడిగారు.

నేను చెన్నైలో నేర్చుకున్నాను. ఇరవై ఏడేళ్లుగా తిరుపతిలో పియానో పాఠాలు చెబుతున్నాను. మధ్యలో కొన్నేళ్లు చిత్తూరులో ఒక చర్చి గాయక బృందానికి వాయించాను. వయొలిన్ వాళ్లకు, పాడేవాళ్లకు పక్కన కూర్చుని వాయించడం ఇప్పటికీ చేస్తున్నాను. ఆ అనుభవంతో చెబుతున్నాను.

బతకగలదు. కానీ ఒంటరిగా వేదికెక్కి కచేరీలు చేసే పియానిస్టుగా కాదు. పాఠాలు చెబుతూ, ఇతరులకు పక్కవాద్యం వాయిస్తూ, ఇద్దరు ముగ్గురితో కలిసి వాయిస్తూ బతుకుతుంది. దానికి కొన్నేళ్లు తిరుపతి దాటి వెళ్లి చదవాలి. ఇంకో సంగతి. అలా బతకడానికి కావలసిన ముఖ్యమైన విద్య ఐదో గ్రేడ్ దాకా వచ్చిన పిల్లలకు చాలాసార్లు ఎవరూ నేర్పి ఉండరు. ఎక్కువగా దాని గురించే చెబుతాను.

ముందు కచేరీల సంగతి. వయొలిన్ నేర్చుకున్న పిల్లకు ఆర్కెస్ట్రాలో కుర్చీ ఉంటుంది. ఒక సింఫనీ ఆర్కెస్ట్రాలో ఇరవై, ముప్పై మంది వయొలిన్ వాళ్లే ఉంటారు. పియానోకు అలా శాశ్వతమైన చోటు లేదు. కొన్ని రచనల్లోనే పియానో ఉంటుంది, అప్పుడు ఒక్కరిని పిలుస్తారు. మన దేశంలో సింఫనీ ఆర్కెస్ట్రా ఆఫ్ ఇండియా 2006లో ముంబైలో మొదలైంది. అక్కడా పద్ధతి అదే. కాబట్టి పియానో వాళ్లకు మిగిలేది రెండు దారులు. ప్రపంచంలో కొద్దిమందికే దక్కే సోలో కచేరీ జీవితం ఒకటి. పదిమందితో కలిసి పనిచేసే జీవితం రెండోది. మొదటిదాని కోసం ఇల్లు అమ్ముకుని పిల్లను విదేశాలకు పంపిన వాళ్లను చూశాను. రెండోదాని గురించి ఆ ఇళ్లలో ఎవరూ మాట్లాడలేదు. అది నాకు బాధగా ఉంటుంది.

సోలోగా గొప్ప పేరు తెచ్చుకున్నవాళ్ల జీవితం కూడా దగ్గరకెళ్లి చూస్తే మూడు పనులతోనే నడిచింది. జర్మనీలో క్లారా షూమాన్ తొమ్మిదేళ్ల వయసులో, 1828లో, లైప్‌జిగ్‌లో వేదికెక్కింది. ఎనిమిది మంది పిల్లల తల్లి. భర్త 1856లో చనిపోయాక ఆ సంసారాన్ని పియానోతోనే నెట్టుకొచ్చింది. యోవాకిమ్ అనే వయొలిన్ విద్వాంసుడితో కలిసి ఏళ్ల తరబడి వాయించింది. 1878 నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌లోని హోక్ కన్జర్వేటరీ అనే సంగీత కళాశాలలో పాఠాలు చెప్పింది. కచేరీ, జోడీ, పాఠం. మూడింటిలో ఏదీ ఆమెకు తక్కువ పని కాలేదు. మీ అమ్మాయికి ఎవరి గురించైనా చెప్పాలనిపిస్తే ఆమె గురించి చెప్పండి.

ఇప్పుడు నేర్పని విద్య దగ్గరికి వస్తాను. దాన్ని సైట్ రీడింగ్ అంటారు. ఎప్పుడూ చూడని నొటేషన్, అంటే స్వరాలు రాసిన కాగితం, ముందు పెడితే అప్పటికప్పుడు, ఆగకుండా వాయించడం.

నాకు ఇరవై రెండేళ్లప్పుడు ఎనిమిదో గ్రేడ్ మంచి మార్కులతో అయిపోయింది. నాకంతా వచ్చనుకున్నాను. చెన్నైలో ఒక వయొలిన్ అబ్బాయికి పరీక్ష. అతని పక్కన వాయించాల్సిన వ్యక్తికి జ్వరం వచ్చింది. ముందురోజు సాయంత్రం నన్ను పిలిచి కాగితాలు చేతిలో పెట్టారు. కష్టమైన రచనేమీ కాదు. నేను ఆరు నెలల సాధన తర్వాత వాయించే వాటిలో సగం కష్టం కూడా లేదు. నాలుగో బార్ (తాళం గడి) దగ్గర ఒక తప్పు స్వరం పడింది. అలవాటు కొద్దీ ఆగి, వెనక్కి వెళ్లి, దాన్ని సరిచేసి వాయించాను. తల ఎత్తి చూస్తే ఆ అబ్బాయి నాకంటే రెండు వరుసలు ముందున్నాడు. మళ్లీ మొదలుపెట్టాం, మళ్లీ అదే. మూడోసారి అతని కళ్లలో నీళ్లు తిరిగాయి. తెల్లారితే పరీక్ష అతనికి, నాకు కాదు.

ఆ రాత్రి మా గురువుగారు నాతో చెప్పింది ఒకటే: "తప్పు వాయించు, పరవాలేదు. ఆగొద్దు. నువ్వు ఆగితే అతను పడిపోతాడు." రాత్రి పదకొండు దాకా కూర్చోబెట్టి, కుడిచేతిలో సగం స్వరాలు వదిలేయించి, ఎడమచేతి ఆధార స్వరం, తాళం మాత్రం పట్టుకునేలా చేశారు. పొద్దున్న పరీక్షలో అలాగే వాయించాను. అబ్బాయి పాసయ్యాడు. నాకు మాత్రం నా ఎనిమిదో గ్రేడ్‌లో ఉన్న లోటు ఆ ఒక్క రాత్రిలో కనబడింది. ఏడాదికి నాలుగు రచనలు నేర్చుకుని, వాటినే నూరి నూరి పరీక్షలో వాయించాను తప్ప నాకు చదవడం రాదు. మూడు పద్యాలు కంఠతా వచ్చి పేపర్ చదవడం రానివాళ్లలా ఉంది నా పరిస్థితి.

మీ అమ్మాయి విషయంలో అందుకే ఒకటి అడుగుతున్నాను. ఆమె రాసింది ఏ రకం పరీక్ష? ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఎదుటివాళ్ల ముందు కూర్చుని రాసే ప్రాక్టికల్ గ్రేడ్‌లో 150 మార్కులు. అందులో మూడు రచనలకు 90, స్కేళ్లకు (స్వరాల ఆరోహణ, అవరోహణలకు) 21, సైట్ రీడింగ్‌కు 21, విని చెప్పేదానికి 18. 2020లో వీడియో తీసి పంపే పర్ఫార్మెన్స్ గ్రేడ్ కూడా వచ్చింది. అందులో నాలుగు రచనలు, మొత్తం ప్రదర్శనకు కలిపి మార్కులు. సైట్ రీడింగ్ లేదు, స్కేళ్లు లేవు. రెండో రకం తప్పని నేను అనను. దానివల్ల మన ఊరి పిల్లలకు ప్రయాణం తప్పింది. కానీ ఆ దారిలో డిస్టింక్షన్ తెచ్చుకున్న పిల్లకు కొత్త కాగితం చదవడం వచ్చో రాదో ఆ సర్టిఫికెట్ చెప్పదు. మొదటి రకంలో కూడా సైట్ రీడింగ్‌లో బొటాబొటిగా లాగి, మిగతావాటితో డిస్టింక్షన్ తెచ్చుకునే పిల్లలు ఉన్నారు. మార్కుల కాగితం తీసి ఆ 21కి ఎంత వచ్చిందో చూడండి.

నేను ఆ లోటు ఎలా పూడ్చుకున్నానో చెబుతాను. చిత్తూరులో ఒక చర్చిలో ఆదివారాలు వాయించే పని దొరికింది. అక్కడ పాడే కీర్తనలకు నాలుగు గొంతుల నొటేషన్ ఉంటుంది. ఆడవాళ్లకు రెండు, మగవాళ్లకు రెండు. నాలుగింటినీ రెండు చేతుల్లో ఒకేసారి చదవాలి. వారానికి ఐదారు కొత్తవి వచ్చేవి. శనివారం రాత్రి దాకా ఏవి పాడతారో తెలిసేది కాదు. మొదటి రెండు నెలలు నరకం. కానీ వందమంది పాడుతుంటే ఆగే ప్రశ్నే లేదు. నేను తప్పినా వాళ్లు పాడుకుంటూ పోతారు, నేనే పరిగెత్తి అందుకోవాలి. అక్కడే ఇంకోటి తెలిసింది. పాడేవాళ్లు వరుస చివర ఊపిరి తీసుకుంటారు. నొటేషన్‌లో ఆ ఊపిరి రాసి ఉండదు. దానికి చోటు ఇవ్వకపోతే ముసలివాళ్లు తర్వాతి వరుస మొదటి మాట అందుకోలేరు. ఆ ఊపిరి కోసం చెవి పెట్టి ఉండటం మూడేళ్లలో అలవాటైంది. ఇవాళ నాకు నాలుగు మెతుకులు పెడుతున్నది ఆ అలవాటే.

మనవాళ్లకు ఈ మాట కొత్తగా చెప్పాల్సిన పని లేదు. కర్ణాటక కచేరీలో పక్కవాద్యం వయొలిన్ ఏం చేస్తుందో తిరుపతిలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. గాయకుడు ఎటు వెళితే అటు నీడలా వెళుతుంది, రాగం అతను వదిలిన చోట అందుకుంటుంది. అలాంటి విద్వాంసుడిని మనం తక్కువ చేసి చూడం. పియానో దగ్గరికి వచ్చేసరికి మాత్రం "పక్కన వాయించడమా, సొంతంగా వాయించదా?" అని అడుగుతాం. నిజానికి పాశ్చాత్య సంగీతంలో ఎవరు ముందు, ఎవరు పక్క అనేది కూడా ఎప్పుడూ ఒకేలా లేదు. మొజార్ట్ కాలంలో వయొలిన్, పియానో కలిసి వాయించే సొనాటా అనే రచనలను వయొలిన్ తోడుతో పియానో సొనాటాలుగానే అచ్చు వేసేవారు.

ఇక్కడి సంగీత కళాశాలలో చదువుకున్న ఒక వయొలిన్ కుర్రాడు పదేళ్ల కిందట నా దగ్గరికి వచ్చాడు. పాశ్చాత్య రచనలు నాతో కలిసి వాయించాలని ఉందన్నాడు. అతను నేల మీద కూర్చుని, వయొలిన్ తలను పాదం మీద ఆనించి వాయిస్తాడు. తంత్రులు స, ప, స, ప అని తన శ్రుతికి కట్టుకుంటాడు. నా పియానో శ్రుతి కదలదు. మధ్యలో ఉన్న 'ఎ' (A) అనే స్వరం సెకనుకు 440 కంపనాల దగ్గర ఉండిపోతుంది. అతను తంత్రుల కట్టు మార్చుకోవాలి. అతనికి నొటేషన్ రాదు. మొదటి నెల ఏమీ కాలేదు. కానీ ఒక వింత గమనించాను. నేను ఎక్కడైనా వెంట్రుకవాసి నెమ్మదిస్తే అతను నాతోపాటే నెమ్మదించేవాడు. చూసి కాదు, విని. నాకు చదవడం వచ్చు, అంత వినడం రాదు. అతనికి వినడం వచ్చు, చదవడం రాదు. ఏడాది పాటు ఆదివారం మధ్యాహ్నాలు కూర్చుని ఒకరి విద్య ఒకరం నేర్చుకున్నాం. ఆ తర్వాత బీథోవెన్ స్ప్రింగ్ సొనాటాలోని నెమ్మది భాగాన్ని ఒక స్కూలు హాల్లో నలభై మంది ముందు వాయించాం. నా జీవితంలో సోలోగా వాయించిన ఏ సాయంత్రమూ దానికి సాటి రాదు. మీ అమ్మాయికి తిరుపతిలో ఉన్న వరం ఇదే. ఇంత మంచి చెవులున్న వయొలిన్, మృదంగం, గాత్రం పిల్లలు ఇన్ని వీధుల్లో వేరే ఊళ్లలో దొరకరు.

ఇక్కడే ఒక హెచ్చరిక. పియానో నేర్చుకుంటోందనగానే బంధువులు అన్నమయ్య కీర్తన వాయించమంటారు. వాయించవచ్చు. కానీ పియానో మెట్టు నొక్కితే ఒకటే స్వరం పలుకుతుంది, దాన్ని కదిలించి గమకం పలికించలేం. "నీ పియానోలో భావం లేదు" అని పిల్లను చిన్నబుచ్చే వాళ్లుంటారు. అది వాయిద్యం స్వభావమని, లోపం కాదని మీరే చెప్పండి.

పాఠాలు చెప్పడం గురించి. దీన్ని కచేరీ దొరకనివాళ్లు చేసే పని అనుకుంటారు. అదొక వేరే విద్య. ఆరేళ్ల పిల్లవాడి వేళ్లు ఎందుకు చదునుగా పడుతున్నాయో, భుజం ఎందుకు బిగుస్తోందో చూసి చెప్పడం నాకు వాయించడం కంటే ఆలస్యంగా వచ్చింది. ఆదాయం నిలకడగా వచ్చేది దీనిలోనే. నా దగ్గర ఇప్పుడు ఇరవై ఇద్దరు పిల్లలు. పని వేళలు సాయంత్రం నాలుగు నుంచి ఎనిమిదిన్నర, ఆదివారం పొద్దున. అంటే ఊరంతా ఖాళీగా ఉన్నప్పుడు మనకు పని. ఫిబ్రవరి, మార్చిలో పరీక్షలని పిల్లలు రారు. పదో తరగతి రాగానే చాలామంది మానేస్తారు. కాబట్టి పన్నెండు నెలలకు పది నెలల ఆదాయమే అనుకుని ఇల్లు నడుపుకోవాలి. రెసిడెన్షియల్ స్కూళ్లలో, ఇంటర్నేషనల్ స్కూళ్లలో సంగీతం టీచర్ ఉద్యోగాలుంటాయి. వాటికి సర్టిఫికెట్‌తో పాటు పిల్లల బృందంతో పాడించగలగడం చూస్తారు. పెద్ద నగరాల్లో వయొలిన్, గాత్రం పరీక్షలు రాసేవాళ్లకు పక్కన వాయించే పని ప్రతి పరీక్షల సీజన్‌లోనూ ఉంటుంది. చేసేవాళ్లు తక్కువ, ఎందుకంటే చదవడం వచ్చినవాళ్లు తక్కువ.

ఇంటర్ సంగతి మీరు నేరుగా అడగలేదు గానీ అసలు చిక్కు అక్కడే ఉంది. హాస్టల్‌లో పెట్టే కాలేజీలో మాత్రం చేర్చకండి. పొద్దున ఐదు నుంచి రాత్రి పది దాకా స్టడీ అవర్స్ అంటే రెండేళ్లు పియానో ముట్టదు. పదహారు, పద్దెనిమిది మధ్య పోయిన రెండేళ్లు ఈ విద్యలో తిరిగి రావు. నా దగ్గర అలా వెళ్లిన పిల్లలు నలుగురున్నారు, తిరిగి వచ్చింది ఒక్కరే. డే స్కాలర్‌గా ఉండే కాలేజీ చూడండి. గ్రూపు ఏదైనా పరవాలేదు. బైపీసీ మీకు అంత ఇష్టమైతే అదే తీసుకోనివ్వండి, ర్యాంకు టెన్షన్ మాత్రం పెట్టకండి. రోజుకు మూడు గంటల సాధన మిగిలితే చాలు. అందులో అరగంట రోజూ కొత్త కాగితం చదవాలి, వాయించింది మళ్లీ వాయించకూడదు.

మూడు గంటలంటే ఒకే బిగిన కాదు. నలభై నిమిషాలకోసారి లేవాలి. ఇరవై నాలుగేళ్లప్పుడు నాకు కుడి మణికట్టు నొప్పి వస్తే పట్టించుకోకుండా వాయించాను. ఆ తర్వాత ఐదు నెలలు గ్లాసు ఎత్తడం కష్టమైంది. క్లారా భర్త రాబర్ట్ షూమాన్ కుడిచేతి వేలు పాడైపోయి, ఇరవైల మొదట్లోనే పియానిస్టు కావాలన్న ఆశ వదులుకున్నాడు. నొప్పి వస్తే ఆ రోజుకు మూత వేయడమే.

వాయిద్యం. ఇప్పటిదాకా డిజిటల్ మీద నేర్చుకుని ఉంటుంది. ఐదో గ్రేడ్ దాకా బరువైన మెట్లున్న డిజిటల్‌తో గడుస్తుంది. ఆరు దాటాక అసలు పియానో కావాలి. సుత్తి తంత్రిని కొట్టే క్షణంలో వేలు కింద తెలిసే తేడా డిజిటల్‌లో పూర్తిగా రాదు. చెన్నైలో పాత జపాన్ అప్‌రైట్ (నిలువు) పియానోలు దొరుకుతాయి. వెళ్లేటప్పుడు టీచర్‌ను కూడా తీసుకెళ్లండి. మన ఊళ్లో మే నెల ఎండకు చెక్క ఎండుతుంది, నవంబర్ వానలకు ఉబ్బుతుంది. లోపల సుమారు 230 తంత్రులు, అన్నీ కలిపి పద్దెనిమిది టన్నుల పైచిలుకు లాగుడు ఆ చెక్క, ఇనుప చట్రం మోయాలి. కాబట్టి కిటికీ పక్కన, బయటి గోడకు ఆనించి పెట్టకండి. ఏడాదికి రెండుసార్లు చెన్నై నుంచి ట్యూనర్‌ను పిలిపించాలి. ఊళ్లో ఉన్న మరో రెండు ఇళ్లతో కలిసి పిలిస్తే ప్రయాణ ఖర్చు పంచుకోవచ్చు. కింద ఎలుకలు దూరే సందు ఉంటే మూయించండి, లోపలి ఫెల్ట్ వాటికి ఇష్టం.

రాబోయే రెండేళ్లు ఇలా అనుకోండి. ఏబీఆర్‌ఎస్‌ఎంలో ఆరో గ్రేడ్‌కు వెళ్లాలంటే ముందు ఐదో గ్రేడ్ థియరీ గానీ, దానికి బదులుగా బోర్డు ఒప్పుకునే మరో పరీక్ష గానీ పాసవ్వాలి, అయిందో లేదో చూసుకోండి. ట్రినిటీ అనే మరో బ్రిటన్ బోర్డు పరీక్షల్లో ఆ షరతు లేదు. అయినా థియరీ వదలొద్దు. పదిహేను రోజులకోసారి పొద్దున రైలెక్కి చెన్నైలో పెద్ద టీచర్ దగ్గర పాఠం, రాత్రికి ఇల్లు. పద్దెనిమిదేళ్లకు చెన్నైలోనో ఇంకెక్కడైనానో పూర్తికాలం చదువు. చెన్నైలో కె.ఎం. మ్యూజిక్ కన్జర్వేటరీ 2008 నుంచి ఉంది. ఎక్కడ చేరినా ఒకటే అడగండి: ఇతరులతో కలిసి వాయించే తరగతి వారానికి ఎన్ని గంటలు? సరైన సమాధానం రాకపోతే ఇంకో చోటు చూడండి.

ఇంట్లో పెద్దవాళ్లు "ఇది మన ప్రాంతపు విద్య కాదు" అంటారు. మదనపల్లె గుర్తుచేయండి. 1919లో రవీంద్రనాథ్ ఠాగూర్ అక్కడి థియోసాఫికల్ కాలేజీలో ఉన్నప్పుడు జనగణమనకు ఇంగ్లిష్ అనువాదం చేశారు. అక్కడి ప్రిన్సిపాల్ భార్య మార్గరెట్ కజిన్స్ ఐర్లండ్‌లో సంగీతం చదివి 1902లో పట్టా తీసుకున్న మనిషి. ఆ పాట వరుసను నొటేషన్‌లో పెట్టింది ఆమె. ఒకరు పాడింది విని, పదిమంది కలిసి పాడేలా కాగితం మీద పెట్టడం. మీ అమ్మాయి నేర్చుకుంటున్న విద్య అలాంటి పనికి మన ప్రాంతంలోనే వందేళ్ల కిందట వాడుకలోకి వచ్చింది.

చివరిగా, ఒప్పుకోవాలా వద్దా అన్నారు కదా. ఈ ఆదివారం ఒక పని చేయించండి. ఆమె ఎప్పుడూ చూడని, మూడో గ్రేడ్ స్థాయి కాగితం ఒకటి వాళ్ల టీచర్ దగ్గర తీసుకోండి. అరనిమిషం చూడనివ్వండి. పక్కన మీరు చేత్తో తాళం వేయండి, ఆమె ఎక్కడ తడబడినా మీ తాళం ఆపకండి. తప్పులు ఎన్ని పడ్డా లెక్కపెట్టొద్దు. మీ తాళంతో చివరి దాకా వచ్చిందంటే ఈ ఏడాదే ఒప్పుకోండి, నా మాటగా. మధ్యలో ఆగి వెనక్కి వెళితే కాదనకండి, ఆరు నెలలు గడువు పెట్టండి. ఈ ఆరు నెలలూ రోజూ అరగంట కొత్త కాగితం, వారానికోసారి ఎవరైనా పాడేవాళ్లతో కలిసి వాయించడం. సంక్రాంతికి మళ్లీ అదే పరీక్ష పెట్టి, ఏమైందో ఇక్కడే రాయండి. నేను చూస్తూ ఉంటాను.